ఎర్రమిట్టలో రెండు చెంచాల జున్ను

1

దుమ్ము తక్కువ. గొట్టాల దగ్గర ఇవాళ పని ఎవరు చేశారో నాకు తెలియదు. నేను ఆస్పత్రిలో ఉన్నాను.

అప్పుడప్పుడూ ఇలా రికార్డరులో మాట్లాడి దాచమని డాక్టర్ రజిత గారు చెప్పారు. ఏం తిన్నాను, ఎలా ఉంది, అంతే. ఎర్రమిట్టకి వచ్చినప్పటి నుంచీ గొట్టాల గురించి ఇలాగే చెబుతూ వచ్చాను కనుక నాకు కొత్తేం కాదు. ముందు దుమ్ము సంగతి చెప్పాలి. తరవాత గొట్టం సంగతి. ఇప్పుడు గొట్టం బదులు నేను.

నా పేరు వీరభద్రం. మంచు గని నుంచి మా ఊరి గుమ్మటాల్లోకి నీళ్ళు తెచ్చే గొట్టాల మరమ్మతు నా పని. మా ఊరు కుజగ్రహం మీద ఉంది. కుజదోషం ఉందని మా ఆవిడ మంగతాయారుకి భూమ్మీద నాలుగు సంబంధాలు తప్పిపోయాయి. ఐదోవాణ్ణి నేను. నాకూ అదే దోషం. పెళ్ళయ్యాక ఇద్దరం ఆ కుజుడి మీదికే వచ్చి పడ్డాం. తాయారు ఈ కథని కొత్తగా పరిచయమైన ప్రతివాళ్ళకీ చెబుతుంది. ఎన్నిసార్లు విన్నా నాకు నవ్వొచ్చేది. ఇవాళ పొద్దున నర్సుకి చెప్పింది. నర్సు పొట్ట పట్టుకుని నవ్వింది. నేను పైకప్పులో ఉన్న దీపం వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆపరేషన్ ఎందుకయిందంటే, సూటు నడుం దగ్గర గొళ్ళెం పడలేదు. ఇక్కడ మనిషి బరువు తక్కువ తూగుతాడు గానీ ఒళ్ళు మాత్రం ఎంత పెరగాలో అంతా పెరుగుతుంది. సూటు లేనిదే గుమ్మటం దాటి బయటికి వెళ్ళలేం. కొత్త సూటు భూమి నుంచి రావాలంటే ఏళ్ళు పడుతుంది. మోకాళ్ళు పోయాయి, ఒంట్లో చక్కెర ఎక్కువైంది, నిద్రలో ఊపిరి ఆగుతోందని తాయారు ఎప్పటి నుంచో మొత్తుకుంటోంది. అందుకని పొట్టని కోసి పిడికెడు చేశారు. ఆకలి కబురు మెదడుకి మోసే నరం మీద గోరంత బిళ్ళ ఒకటి కూర్చోబెట్టారు. అది ఉన్నంతకాలం ఆకలి వేయదు.

నొప్పి ఉందా అని అడిగారు. ఉంది. కానీ అది నా పక్కన కూర్చుని ఉన్నట్టుంది, నాలో ఉన్నట్టు లేదు.

2

దుమ్ము లేదు. ఇంటికి వచ్చాను.

పంపించే ముందు డాక్టర్ రజిత గారు మా ఇద్దర్నీ కూర్చోబెట్టుకున్నారు. ఆవిడది వరంగల్ వైపు.

"భద్రం గారూ, జర మంచిగ ఇనుండ్రి. ఇగ మీకు ఆకలి కాదు. ఆకలైతలేదని తినుడు బంద్ చేయొద్దు. యాళ్ళకు తినాలె. ముందుగాల పప్పు, గుడ్డు, పెరుగు. తినేటప్పుడు నీళ్ళు తాగొద్దు. నిమ్మళంగ నమలాలె. ఇగ చక్కెర పాకం జోలికి అస్సలే పోవద్దు. అది ఒక్కపారి పేగులల్లకు దిగితే గుండె దడదడ కొట్టుకుంటది, చెమటలు పడ్తయి, కండ్లు తిరిగి పడిపోతరు."

"ఇంక తీపన్నదే తినకూడదాండీ?" అంది తాయారు.

"తినొద్దంటలేనమ్మా. కొన్ని దినాలైనంక పండ్లతోని, పాలతోని చేసినయి చెంచాడు, రెండు చెంచాలు తినొచ్చు."

"పాకం లేకపోతే దాన్ని తీపంటారాండీ?"

తాయారు అడిగిన తీరులో తగవు లేదు. నిజంగానే అడిగింది. ఎర్రమిట్ట మొత్తానికి ఉన్న ఒక్క మిఠాయి దుకాణం ఆవిడదే. తోటగుమ్మటంలో పండే చక్కెర దుంపల నుంచి పంచదార తీస్తారు. దానితో కాజాలు, జిలేబీలు, బెల్లం లేని లోటు తెలియకుండా అరిసెలు కూడా చేస్తుంది. సగం ఊరు పని దిగాక ముందు అక్కడికే వచ్చి, తరవాత ఇంటికి వెళుతుంది. నా ఒళ్ళు పెరగడంలో ఆ దుకాణం వాటా ఎంతో నాకు తెలుసు. రోజూ మొదటి వాయి రుచి చూసేది నేనే.

ఇంటికి వచ్చాక తాయారు పెసరకట్టు పల్చగా చేసి పెట్టింది. తిన్నాను. ఎలా ఉందని అడిగింది. వేడిగా ఉందని చెప్పాను.

3

దుమ్ము మామూలు. సూటు పట్టింది.

గొళ్ళెం పడగానే సూటు గదిలో ఉన్నవాళ్ళందరూ చప్పట్లు కొట్టారు. జమీలా అయితే ఈల వేసింది. గొట్టాల పనిలో ఆ అమ్మాయి నా జోడీ. వాళ్ళది కడప. నోరు పెద్దది, పని శుభ్రం.

"ఏమన్నా, సగం మనిషిని యాడ దాచిపెట్టినావు?" అంది.

అందరూ నవ్వారు. నవ్వాల్సిన చోటు అది కనుక నేనూ నవ్వాను. అద్దంలో చూసుకుంటే చెంపలు లోపలికి పోయిన మనిషెవరో నిలబడి ఉన్నాడు. వాడు కూడా నవ్వుతున్నాడు.

వచ్చే వారం నుంచి బయట పని. తాయారుకి చెబితే దేవుడి పటం ముందు దీపం పెట్టింది. తరవాత నా పక్కన కూర్చుని, "మీకు సంతోషంగా లేదాండీ?" అంది.

"ఉంది."

"మరి అలా ఉన్నారేంటి?"

"ఎలా?"

ఆవిడ లేచింది. వంటింట్లోకి వెళ్ళింది. అట్లు వేసిన చప్పుడు వినిపించింది. రెండు వేళ్ళంత ముక్క నాకు, మిగతాది ఆవిడకి. ఇద్దరం తిన్నాం. ఆవిడ వంట తినడం నాకు పని కింద లెక్కే ఇప్పుడు. నమలాలి, మింగాలి, ఆగాలి.

4

దుమ్ము ఎక్కువ. నీళ్ళు గడ్డకట్టకుండా ఐదో గొట్టం మీద చుట్టిన వేడిపట్టీ ఊడిపోయింది. నేనూ జమీలా వెళ్ళాం. పని పూర్తి కాలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పమని డాక్టరు గారి మాట.

పొద్దున బయల్దేరుతుంటే తాయారు చిన్న పళ్ళెంలో కాజా పెట్టి తెచ్చింది. ఒకే ఒకటి. మళ్ళీ పనిలోకి వెళుతున్నానని శకునంగా చేసిందట. "ఒక్క ముక్క కొరికి ఇచ్చేయండి చాలు" అంది. కొరికాను. పాకం నోట్లోకి వచ్చింది. తాయారు నా మొహంలోకి చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. కొత్త వాయి దింపిన ప్రతిసారీ అలాగే చూసేది. ఆ చూపుకి నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని మొత్తం తినేశాను. తినాలనిపించి కాదు. అలా తింటే ఆవిడ మొహం మారుతుందని. మారింది కూడా.

సూటు తొడుక్కుని బండిలో గొట్టం దాకా వెళ్ళాం. పట్టీ కొస పట్టుకుని లాగుతుంటే చెమట మొదలైంది. వీపు తడిసింది. గుండె కొట్టుకోవడం వినిపించింది. అది నా గుండెలా లేదు. పక్కింట్లో ఎవరో పసుపు దంచుతున్నట్టుంది. ఎర్రటి నేల పైకి లేచి మళ్ళీ కిందికి దిగింది.

"భద్రన్నా, పట్టీ వదిలేసినావేంది?" హెల్మెట్‌లో జమీలా గొంతు.

"ఏం లేదు. కాసేపు కూర్చుంటాను."

"యాడ కూర్చుంటావు? ఈడ కూర్చుంటే నేను లేపలేను. బండి కాడికి నడువు."

"నువ్వు పట్టీ చూడు."

"పట్టీ గంగలో కలవనీ! నడువన్నా!"

హెల్మెట్ పెట్టుకుని ఉండగా వాంతి అయితే ఊపిరాడక చస్తారని శిక్షణలో చెప్పారు. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఏమీ అనిపించలేదు. ఎవరో వేరే ఊరివాళ్ళకి చెప్పిన జాగ్రత్తలా ఉంది. కాళ్ళు మడత పడ్డాయి. జమీలా నా సూటు మెడపట్టీ పట్టుకుని ఈడ్చుకుంటూ వెళ్ళింది. దారి పొడవునా తిడుతూనే ఉంది. ఆ తిట్లు విన్నాను. బండి తలుపు మూసుకుని లోపలికి గాలి వచ్చాక ఆ అమ్మాయే నా హెల్మెట్ తీసింది. అప్పుడు వాంతి అయింది.

జమీలా చేతులు వణుకుతున్నాయి. నావి వణకడం లేదు.

5

దుమ్ము సంగతి చూడలేదు. రెండోసారి ఆస్పత్రిలో ఉన్నాను.

తాయారు మంచం పక్కన నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా చేత్తోనే పెట్టాను" అంది. "వద్దని డాక్టరు గారు చెబుతుంటే విని కూడా, నా చేత్తో నేనే పెట్టాను."

"తిన్నది నేను కదా."

"చచ్చిపోయేవారండీ. జమీలా లేకపోతే ఆ బయటే పడి ఉండేవారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీకు భయం వేయలేదా?"

అబద్ధం చెప్పొచ్చు. ఏ అబద్ధం చెప్పాలో ఆలోచించే లోపు నిజం వచ్చేసింది.

"లేదు."

"నేను గుర్తొచ్చానా?"

గుర్తు చేసుకుని చూశాను. ఎర్రటి నేల, పట్టీ కొస, జమీలా తిట్లు.

"లేదు" అన్నాను.

 డాక్టర్ రజిత గారు గుమ్మం దగ్గరే ఉన్నారు. ఆవిడ లోపలికి వచ్చి, నా నాడి చూసి అన్నారు.

"ఆ బిళ్ళ మీది జోరు కొంచెం తగ్గిద్దామా? కొందరికి ఆకలితో పాటు తక్కినయి కూడా మొద్దువారుతయి. అందరికీ కాదు. మీకు అయినట్టుంది."

"తగ్గిస్తే ఆకలేస్తుందా?"

"ఏస్తది. మళ్ళ ఒళ్ళు రావొచ్చు. రాకపోవచ్చు. నేను మాటియ్యలేను."

"ఒళ్ళొస్తే సూటు పట్టదు. ఉండనివ్వండి."

"సూటు పట్టి ఏం చేసుకుంటారండీ," అంది తాయారు, "లోపల మనిషే లేకపోతే?"

నాకు ఆ మాట అర్థమయింది. అర్థం కావడం వరకే.

6

దుమ్ము మామూలు. గుమ్మటం లోపలి గొట్టాల పని ఇచ్చారు. బయటికి పంపరు.

తాయారు దుకాణం మూసేసింది. ఏమైందని జనం ఇంటికి వచ్చి అడుగుతున్నారు. ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించేస్తోంది. మూకుళ్ళు కడిగి బోర్లించింది. పంచదార డబ్బాలు పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. నాకు వేళకి పప్పు, గుడ్డు పెడుతుంది. ఎలా ఉందని అడగడం మానేసింది. నేనూ చెప్పడం లేదు. ఇల్లు చాలా శుభ్రంగా ఉంది.

నేను తినడం ఇంకా తగ్గింది. ఆవిడ ఎదురుగా కూర్చోకపోతే ముద్ద పక్కన పెట్టేసి మరచిపోతున్నాను. చేతుల్లో కండ కరిగిపోతోంది. ఇవాళ గొట్టం బిరడా తిప్పలేక జమీలాని పిలిచాను. ఆ అమ్మాయి ఒక్క చేత్తో తిప్పేసింది. జోకు వేస్తుందనుకున్నాను. వేయలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి తాయారు గదిలోకి గాలి వడకట్టి వదిలే జాలీ కింద నేల మీద కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి ఆపలేదు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఏదో ఒకటి చేయాలి. భుజం మీద చెయ్యి వేయాలి, లేకపోతే ఊరుకో అనాలి. అలా నిలబడి ఉండగా ఆవిడ తల మీద ఉన్న జాలీ వైపు చూపు పోయింది. ఒక మూల దుమ్ము పట్టి ఉంది. దాన్ని మార్చాలి అనుకున్నాను. సామాను గదిలో కొత్త జాలీలు ఉన్నాయా లేదా అని ఆలోచించాను.

ఎంతసేపటికి చూశానో, తాయారు ఏడుపు ఆపి నా వైపే చూస్తోంది.

"జాలీ మార్చాలాండీ?" అంది.

"అవును."

"మార్చండి" అంది. లేచి లోపలికి వెళ్ళిపోయింది.

మార్చాను.

7

దుమ్ము లేదు. పని నుంచి తిన్నగా ఆస్పత్రికి వెళ్ళాను. తాయారుకి చెప్పలేదు.

"బిళ్ళ తగ్గించండి" అన్నాను.

డాక్టర్ రజిత గారు చేతిలో పని ఆపారు. "ఏమైంది? ఆకలైతుందా?"

"లేదండీ."

"మరి?"

"మా ఆవిడ ఏడుస్తుంటే నేను గాలి జాలీ చూశాను."

ఆవిడ కుర్చీ ముందుకి లాక్కున్నారు. నేనే చెప్పాను. "బాధేసి రాలేదండీ. నాకు బాధ లేదు. బాధ ఉండాల్సిన చోటు అదని మాత్రం తెలుసు. గొట్టంలో నీళ్ళు రానప్పుడు ఎక్కడో అడ్డం పడిందని తెలుస్తుంది కదా. అలాగ."

"సూటు సంగతి?"

"పడితే పడుతుంది. లేకపోతే లోపలి పనులు ఉన్నాయి."

అరచేతంత యంత్రాన్ని నా పక్కటెముకల కింద ఆనించి ఏదో తిప్పారు. ఏమీ తెలియలేదు. ఇంతేనా అన్నాను. ఇంతే అన్నారు.

"ఇయ్యాలనే ఏం మారదు. దినాలు పట్టొచ్చు, నెలలు పట్టొచ్చు. ఏం రాకపోవచ్చు కూడా. అందాక తిండి మానొద్దు. కండ కరిగిపోతుంది మీకు. తీపి అంటే ఇష్టముండె కదా? దాన్నే మందు లెక్క చేసుకోండ్రి. చిలగడదుంప ఉడకబెట్టి, మేక పెరుగు గుడ్డల కట్టి నీళ్ళు కారిపోయినంక దాంట్ల కలుపుండ్రి. ఒకటి రెండు ఖర్జూరం తుంపేసుకోండ్రి. పెరుగు బలం, దుంప తీపి. గుండె దడ రాదు."

"మా ఆవిడ తీపి చేయడం మానేసిందండీ."

"మీకు చేతులు లేవా?" అన్నారు ఆవిడ.

8

దుమ్ము మామూలు. చేతులు ఉన్నాయి కానీ పనికి రావు.

చిలగడదుంప ఉడికింది. చిదిమాను. అక్కడితో ఆపాలని తెలియక మళ్ళీ పొయ్యి మీద పెట్టి పెరుగు పోశాను. పెరుగు విరిగింది. కలపమన్నారని గుర్తుండి కలుపుతూనే ఉన్నాను. అడుగంటింది. వాసన వచ్చింది.

తాయారు లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. కాసేపటికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"గిన్నె మాడుతోందండీ."

"తెలుసు."

"తెలిసే అలా నించున్నారా?"

"కలపాలి కదా. కలుపుతున్నాను."

"అసలేంటది?"

చెప్పాను. ఆస్పత్రికి వెళ్ళానని, బిళ్ళ తగ్గించారని కూడా చెప్పాను. ఆవిడ గిన్నెలోకి చూసింది, నా చేతిలో గరిటె చూసింది. గరిటెని నేను బిరడాలు తిప్పే పానా పట్టుకున్నట్టు పట్టుకున్నాను.

"పెరుగు పొయ్యి మీద పోస్తారాండీ ఎవరైనా? వేడి తగిలితే విరగదూ? పక్కకి జరగండి. జరగండంటుంటే! అయ్యబాబోయ్, ఆ దుంప తొక్క కూడా తీయలేదా?"

జరిగాను. ఆవిడ కొంగు దోపుకుంది. మళ్ళీ దుంప ఉడికించి, తొక్క తీసి, మెత్తగా నలిపి, చల్లారేదాకా ఆగింది. గట్టి పెరుగు వేసి వెన్నలా గిలక్కొట్టింది. ఖర్జూరం గింజ తీసి సన్నగా తరిగింది. యాలక్కాయ ఒకటి దంచి వేసింది. పంచదార లేకుండా ఆవిడ తీపి చేయడం నేను చూడటం ఇదే మొదలు. చెంచాతో అంచున తీసుకుని రుచి చూసి, కళ్ళు చిన్నవి చేసి, కాస్త ఉప్పు వేసింది. చిటికెడులో సగం.

"ఉప్పెందుకు?"

"తీపి పైకి తేలడానికి. అది కూడా తెలియదా?" అంది.

ఉగ్గుగిన్నెలో వేసి ఇచ్చింది. మా ఇంట్లో పిల్లలు లేరు. ఆ గిన్నె భూమి నుంచి ఎందుకు తెచ్చుకున్నామో ఇద్దరికీ తెలుసు, ఎప్పుడూ మాట్లాడుకోలేదు. పిడికెడు పొట్టకి అది సరిగ్గా సరిపోయింది.

తిన్నాను. చల్లగా, నున్నగా ఉంది. గొంతులోంచి సులువుగా దిగింది. దడ రాలేదు. చెమట పట్టలేదు.

ఆవిడ అడగాలా వద్దా అని చూస్తోంది. నేనే చెప్పాను. "ఎలా ఉందో తెలియడం లేదు తాయారూ."

"పోనీలెండి" అంది. "దిగింది కదా."

9

దుమ్ము తక్కువ. దుకాణం మళ్ళీ తెరిచింది.

ఒక పక్క పాత కాజాలు, జిలేబీలు. ఇంకో పక్క ఉగ్గుగిన్నెలంత చిన్న గిన్నెలు. ఊళ్ళో ఆపరేషన్ అయినవాళ్ళు ఇంకొందరున్నారు. చక్కెర జబ్బు వాళ్ళు సరేసరి. దాల్చినచెక్క పొడి చల్లి కాల్చిన జామకాయ, రాగులు మొలకెత్తించి చేసిన పాయసం, గుడ్డు పాలల్లో కొట్టి ఆవిరి మీద ఉడికించినది. పంచదార బదులు ఖర్జూరమో, నాలుకకి తీపి తగిలే మధుపత్రి ఆకు పొడో. ఆ ఆకు తోటగుమ్మటంలో ఎవరూ పట్టించుకోకుండా పెరుగుతోందట. ఎక్కువైతే చేదొస్తుందని తాయారుకి మూడుసార్లు పారబోశాక తెలిసింది.

వాళ్ళకి ఆవిడ పెట్టిన నియమాలు గోడ మీద రాయలేదు. నోటితోనే చెబుతుంది. "నించుని తినకండి. కూర్చోండి. నీళ్ళు తరవాత. ఏంటా తొందర, బండేమైనా వెళ్ళిపోతోందా?"

ఇవాళ సాయంత్రం అక్కడే కూర్చున్నాను. గని లెక్కలు చూసే పెద్దావిడ ఒకరు వచ్చి రాగి పాయసం తీసుకున్నారు. ఆవిడకీ నాలాగే ఆపరేషన్. నా బిళ్ళలాంటిదే ఉందట, ఆవిడకి ఆకలి తప్ప వేరేదేదీ మొద్దుబారలేదట. మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. భుజాలు కిందికి దిగాయి. "అమ్మయ్య" అన్నారు, ఎవరితోనూ కాదు. నేను ఆవిడ మొహాన్నే చూస్తూ ఉన్నాను. ఒకప్పుడు వచ్చి మరిచిపోయిన భాషలో ఎవరో మాట్లాడుతుంటే వింటున్నట్టుంది.

నేనూ రోజూ తింటున్నాను. వేళకి, చెప్పినంత. చేతుల్లోకి కాస్త బలం వచ్చింది. బిరడాలు నేనే తిప్పుతున్నాను. డాక్టరు గారు మళ్ళీ బయటికి పంపొచ్చని చెప్పారు. ఇంకేమైనా తెలుస్తోందా అని అడిగారు. లేదన్నాను. తాయారు ఆ మాట విని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి వెచ్చగా ఉంది. దాన్ని ఇక్కడ చెబుతున్నాను, ఇంకేం చెప్పాలో తెలియక.

10

దుమ్ము లేదు. రాత్రి కర్రి ఈనింది.

కర్రి అంటే మేక. ఊరి మేకలన్నీ యాకోబు గారి చేతి కింద ఉంటాయి. మేక ఈనిందంటే ఇక్కడ పండగే. మేకపిల్లలు తాగాక మిగిలిన జున్నుపాలని ఆయన ఎవరికీ అన్యాయం జరగకుండా కొంచెం కొంచెం పంచుతారు. తాయారుకి చిన్న గ్లాసుడు వచ్చాయి.

జున్ను వండింది. పాలల్లో మధుపత్రి పొడి చిటికెడు, నాలుగు మిరియాలు దంచి, యాలక్కాయ వేసి ఆవిరి మీద పెట్టింది. గిన్నె కదిపితే మధ్యలో వణికేలా ఉండగానే దింపేసింది. ఇందులో కలిపిన పంచదార లేదు, పాలల్లో ఉన్న బలమంతా ఉందని, పిడికెడు పొట్టవాళ్ళ కోసమే దేవుడు చేశాడని చెప్పింది.

పొద్దున పనికి వెళ్ళే ముందు రెండు చెంచాలు తిన్నాను. అంతకు మించి పట్టలేదు.

"ఎలా ఉందండీ?" చాలా రోజుల తరవాత అడిగింది.

"మిరియం ఉంది."

"వేసింది నేనే కదా, నాకు తెలియదా?" అని మిగతాది ఫ్రిజ్‌లో పెట్టింది.

రెండో గొట్టం దగ్గర జమీలాతో పని. పట్టీలు గట్టిగానే ఉన్నాయి. పని చేస్తుండగా నాలుక కొస మీద మిరియం ఘాటు ఇంకా ఉన్నట్టనిపించింది. దాని వెనకాల పాల వాసన. అలా రాకూడదు, తిని చాలాసేపయింది. నోరు కడుక్కున్నాను కూడా. పని ఆపి కాసేపు నిలబడ్డాను. జమీలా ఏమైందని కంగారు పడింది. ఏం కాలేదని చెప్పాను. గిన్నెలో ఎంత మిగిలిందో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. సగం. సగానికి కొంచెం ఎక్కువే.

11

ఇది కూడా అదే రోజు. దుమ్ము సంగతి ఇందాకే చెప్పాను.

సూటు శుభ్రం చేసి అప్పగించడానికి నేను ఆగిపోయాను. జమీలా ముందు వెళ్ళింది, తాయారు గిన్నె ఏదో తిరిగి ఇచ్చేది ఉందని. నేను ఇల్లు చేరేసరికి ఆ అమ్మాయి మా బల్ల దగ్గర కూర్చుని ఉంది. తాయారు ఎదురుగా కూర్చుని ఏదో చెబుతోంది. నేను ఫ్రిజ్ తలుపు తీశాను. మూశాను. మళ్ళీ తీశాను.

"జున్నేదీ?"

"ఏ జున్నన్నా?"

"గిన్నెలో ఉండాలి. సగం ఉంది."

జమీలా తన ముందున్న ఉగ్గుగిన్నె వైపు చూసింది. అది ఖాళీగా ఉంది. అంచులు కూడా గీకి ఉన్నాయి.

"వదినే తినమనింది" అంది.

"అది నాది!"

ఆ గొంతు ఎవరిదో నాకు వెంటనే తెలియలేదు. గోడ అవతల మాట్లాడుకుంటున్న పక్కింటివాళ్ళు ఆగిపోయారు.

"రెండు చెంచాలు గూడా లేదు గదన్నా! నీకు ఆకలే కాదు గదా అని..."

"ఆకలి సంగతి నీకెందుకు? ఆకలి లేకపోతే నా గిన్నె నువ్వు ఊడ్చేస్తావా? నాది నాకు ఉంచాలని తెలియదా? పొద్దుట్నుంచీ నేను..."

ఆగిపోయాను. మొహం కాలిపోతోంది. చెవులు కాలిపోతున్నాయి. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. మళ్ళీ ఆ దడేమో అనుకుని బల్ల అంచు పట్టుకున్నాను. కళ్ళు తిరగలేదు. చెమట లేదు. చేతులు మాత్రం వణుకుతున్నాయి. ఇదేంటో గుర్తు పట్టడానికి కాసేపు పట్టింది. నాకు కోపం వచ్చింది.

తాయారు మెల్లగా లేచి నిలబడింది.

"పొద్దుట్నుంచీ ఏంటండీ?"

"పొద్దుట్నుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను. గొట్టం దగ్గర కూడా. వచ్చి తినాలని."

"తినాలని?"

"తినాలనే. ఇంకో చెంచా. ఎవర్ని అడిగి పెట్టేశావు దీనికి?"

"నా మీద కూడా కోపమేనా?"

"నీ మీదే ఎక్కువ!"

తాయారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూ కుర్చీలో కూలబడింది. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. "ఇంకోసారి తిట్టండి" అంది. "జమీలా, ఇంకో గిన్నె ఏదైనా ఉంటే అదీ తినేయమ్మా."

"ఏం ఇంటోళ్ళబ్బా మీరు!" అంది జమీలా. "జున్నుకు ఒకరు అరుస్తారు, ఇంగొకరు ఏడుస్తారు. నాకొద్దు సామీ, నేను పోతుండా." పోలేదు. ఆ అమ్మాయి కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

నవ్వు నాకు నచ్చలేదు. నా జున్ను పోయింది, వీళ్ళు నవ్వుతున్నారు. తాయారు నా చెయ్యి పెట్టమని తన చెయ్యి చాచింది. పెట్టాను, కానీ కోపంగానే పెట్టాను. ఆవిడ గట్టిగా పట్టుకుని వదల్లేదు.  

"కర్రి ఇంకా ఇస్తుందాండీ పాలు?" అంది తాయారు చివరికి.

"ఇస్తుంది. రెండో పూట పాలు కూడా పల్చగా జున్ను కడతాయి."

"అయితే వెళ్ళి అడగండి."

గిన్నె తీసుకుని మేకల గుమ్మటానికి వచ్చాను. ఇప్పుడు ఇక్కడి నుంచే చెబుతున్నాను. యాకోబు గారు పాలు పిండుతున్నారు. నా ముందు ఇంకా ఇద్దరున్నారు. వాళ్ళ గిన్నెలు నా గిన్నె కంటే పెద్దవి. అది కూడా నాకు నచ్చలేదు.